మిన్‌పిన్ పిల్లలు, గ్రాముల పుస్తకం: విజయనగరం నుంచి ప్రాజెక్టు డైరీ

ఇది కుక్కల మూడు ఈతల (కాన్పుల) లెక్క. జాతి మినియేచర్ పిన్షర్, పెంచేవాళ్ళ మాటలో మిన్‌పిన్. మా ఇంట్లో చిన్న కుక్కల పెంపకం మూడు తరాలది. పాత నోటుపుస్తకాలు ఐదున్నాయి. ఎద తేదీలు, క్రాసింగ్ తేదీలు, ఎన్ని పిల్లలు పుట్టాయి, ఎవరికిచ్చాం, అన్నీ వాటిలో రాసి ఉన్నాయి. బరువు మాత్రం ఒక్క పేజీలోనూ లేదు, గది వేడీ లేదు. అందుకే "నాలుగో రోజు పోయింది" అని రాసిన చోటల్లా ఎందుకు పోయిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఈసారి ప్రతిదీ కొలిచి రాశాం. ఎవరైనా ఇలాగే చేయాలనుకుంటే చేయండి, మా తప్పులు మాత్రం వదిలేయండి.

పాత పుస్తకాల్లో "పామేరియన్" అని రాసినవి చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లు. మన ఊళ్ళల్లో రెండింటినీ ఒకే పేరుతో పిలిచేవారు. ఆ బొచ్చుకి ఈ తీరం ఉక్క పడదు. మిన్‌పిన్‌కి బొచ్చు పొట్టి, మూతి పొడవు, ఊపిరికి ఇబ్బంది లేదు. జాతి మార్చడానికి కారణం అంతే.

పిల్లలకు అంకెలు: 1-4 అంటే మొదటి ఈతలో నాలుగోది. తల్లులు రెండు: మిరియం (నలుపు, గోధుమ మచ్చలు), కుంకుడు (ఎరుపు). ఇంజెక్షన్లు, ఎక్స్-రే, రక్తం తీయడం డాక్టరు పని. ఇక్కడ రాసినవి ఇంట్లోవాళ్ళు చేసే పనులు.

దశ 1: జత కుదిర్చే ముందు కొలతలు

ఎఫ్‌సీఐ (కెన్నెల్ క్లబ్బుల అంతర్జాతీయ సమాఖ్య) ప్రమాణం 185 ప్రకారం మిన్‌పిన్ ఎత్తు భుజం దగ్గర 25 నుంచి 30 సెంటీమీటర్లు, బరువు 4 నుంచి 6 కిలోలు. టేపుతో కొలిస్తే ఒకే కుక్కకు మూడుసార్లు మూడు అంకెలు వచ్చాయి: 27, 28.5, 27.5. టేపు ఒంటి వంపు వెంట పోతుంది కాబట్టి అలా వస్తుంది. కొలబద్ద ఇలా చేసుకున్నాం:

1. ముక్కాలంగుళం పీవీసీ పైపు, 45 సెం.మీ. ముక్కలు రెండు. నిలువు కాళ్ళు ఇవే.
2. అడ్డంగా స్టీలు స్కేలు, రెండు పైపుల మీదా పైకీ కిందకీ జరిగేలా రబ్బరు వాషర్లతో బిగించాలి.
3. పైపుల మీద అర సెంటీమీటరుకో గీత.
4. కుక్కను గట్టి బల్ల మీద నిలబెట్టి, తల మామూలు ఎత్తులో ఉండగా స్కేలును భుజాల మీద ఆనించాలి. మూడుసార్లు కొలిచి మధ్య అంకె రాయాలి.

దీంతో మూడు కొలతల మధ్య తేడా 0.5 సెం.మీ. మించలేదు.

డాక్టరు చేత చూపించినవి: మోకాలి చిప్ప జారుతోందా (గ్రేడ్ 0, అంటే అసలు జారకపోతేనే ఈతకు), గుండె చప్పుడు, కళ్ళు. ఏడాది లోపు కుక్క వెనక కాలు ఎత్తి కుంటితే తుంటికి ఎక్స్-రే తీయించాలి. తొడ ఎముక బంతికి రక్తం అందక అరిగిపోయే లెగ్-కాల్వే-పెర్తెస్ జబ్బు ఈ జాతిలో ఉంది. అది ఉన్న కుక్కను, దాని తల్లిదండ్రుల జతను మళ్ళీ ఈతకు పెట్టకూడదు. మొదట చూసిన మగకుక్కను ఇక్కడే వదిలేశాం: ఎడమ చిప్ప గ్రేడ్ 2. నడకలో ఏమీ కనపడలేదు, తల కట్టు చాలా బాగుంది. అయినా వద్దు.

రెండో మగకుక్కకు వంశపత్రం తీసి చూస్తే మిరియంకు తండ్రి వైపు సవతి అన్న. ఆ జతకు పుట్టే పిల్లల్లో రక్తసంబంధం 12.5 శాతం. అదీ వద్దన్నాం. మూడోదానితో మూడు తరాల వరకు ఒక్క పేరూ కలవలేదు.

రంగు గురించి ఒక మాట. నీలి బూడిద రంగు మిన్‌పిన్‌లు "అరుదైనవి" అని ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. ఎఫ్‌సీఐ ప్రమాణం ఆ రంగును ఒప్పుకోదు. పైగా ఆ రంగు జన్యువుతో బొచ్చు రాలిపోయే చర్మజబ్బు రావచ్చు. కావాలని ఆ రంగు కోసం జతలు కట్టేవాళ్ళకు మా మగకుక్కను ఇవ్వం.

చట్టం: కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017 నియమాల ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర రిజిస్టర్ కావాలి. 18 నెలలు నిండని ఆడకుక్కను ఈతకు పెట్టకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు.

ఖర్చు: కొలబద్ద 240. మొత్తం: రూ.240 (మొత్తం అంటే ప్రతి దశలోనూ అప్పటిదాకా అయినదంతా, పిల్లల లెక్కా అంతే. మేత, టీకాలు ఈ లెక్కలో లేవు.)

దశ 2: ఎద రోజులు లెక్కపెట్టడంలో తప్పు

2022 ఆగస్టు. మిరియం ఎదకు వచ్చింది. పాత పుస్తకాల పద్ధతిలో రక్తం కనపడ్డ రోజు నుంచి లెక్కపెట్టి 11, 13 రోజుల్లో క్రాసింగ్ చేయించాం. రెండుసార్లూ ముడి (జతకట్టినప్పుడు అతుక్కుని ఉండడం) బాగానే పడింది. 28వ రోజు స్కానింగ్‌లో పిల్లలు లేవు.

కారణం తర్వాత తెలిసింది. రక్తం మొదలైన రోజుకూ అండం విడుదలకూ మధ్య ఎన్ని రోజులో ఒక్కో కుక్కకు ఒక్కోలా ఉంటుంది. పైగా చిన్న కుక్కలు తమను తామే నాకి శుభ్రం చేసుకుంటాయి. మనకు "మొదటి రోజు" అనిపించేది మూడో రోజో నాలుగో రోజో అయ్యుంటుంది.

2023 ఫిబ్రవరిలో పద్ధతి మార్చాం:

1. ఎదకు రావాల్సిన వారం నుంచి రోజూ పొద్దున తెల్ల టిష్యూ కాగితంతో తుడిచి చూడాలి. గులాబీ రంగు కనపడిన రోజే 1వ రోజు.
2. 7వ రోజు నుంచి రెండు మూడు రోజులకోసారి ప్రొజెస్టెరాన్ (అండం విడుదల దగ్గరపడే కొద్దీ పెరిగే హార్మోను) రక్తపరీక్ష.
3. రక్తం ఎర్ర మూత సాదా ట్యూబులోనే ఇవ్వాలి. జెల్ ఉన్న పసుపు మూత ట్యూబులో అంకె తగ్గి వస్తుంది.
4. అన్ని పరీక్షలూ ఒకే ల్యాబులో చేయించాలి. రిపోర్టులో యూనిట్ చూసుకోవాలి: 1 నానోగ్రామ్/మి.లీ. అంటే సుమారు 3.18 నానోమోల్/లీటరు.

మిరియం అంకెలు (నానోగ్రామ్/మి.లీ.): 7వ రోజు 0.8. 10వ రోజు 2.1. 12వ రోజు 5.2. 14వ రోజు 11.6.

ఈ అంకె 2 దగ్గర అండం విడుదలకు సంకేతమిచ్చే ఎల్‌హెచ్ హార్మోను ఎగుస్తుంది, 5 దగ్గర అండం విడుదలవుతుంది. ఆ అండం పండడానికి ఇంకా రెండు రోజులు కావాలి. అందుకే క్రాసింగ్ 14, 16 రోజుల్లో, అంటే మార్చి 5న, 7న. కిందటిసారి 13తో ఆపేశాం. దీనికి అప్పుడు కూడా ఇదే వరస అయితే మొదలుపెట్టకముందే ఆపేసినట్టు.

ఈ లెక్కలో ఇంకో లాభం ఉంది. అండం విడుదలైన రోజు నుంచి 63 రోజులకు ఒక రోజు అటూ ఇటూగా కాన్పు. క్రాసింగ్ రోజు నుంచి లెక్కపెడితే 57 నుంచి 72 రోజుల మధ్య ఎప్పుడైనా కావచ్చు. పదిహేను రాత్రులు ఎవరు మేలుకుంటారు? మార్చి 3కు 63 కలిపితే మే 5.

ఖర్చు: పరీక్షలు నాలుగు, ఒక్కోటి 800. మొత్తం: రూ.3,440

దశ 3: కాన్పు పెట్టె

లోపలి కొలత 90 × 75 సెం.మీ., గోడల ఎత్తు 40 సెం.మీ., 12 మి.మీ. ప్లైవుడ్. ముందు గోడ రెండు పలకలు: కింద 12 సెం.మీ. పలక మొదటి రెండు వారాలూ ఉంటుంది, తల్లి దాటుతుంది, పిల్లలు దాటలేవు. పైది తీసి పెట్టుకునేది.

లోపల చుట్టూ ముప్పావంగుళం పీవీసీ పైపు కట్టాలి. తల్లి గోడకు ఆనుకుని పడుకుంటే వెనకున్న పిల్ల నలిగిపోకుండా పైపు కింద చోటు ఉంటుంది. లాబ్రడార్ పెట్టెల కొలత చూసి మొదట నేలకు 10 సెం.మీ. ఎత్తున, గోడకు 10 సెం.మీ. దూరంలో కట్టాం. తప్పు. మిన్‌పిన్ తల్లి వీపే పైపు కిందికి దూరిపోయింది. విప్పి 6 సెం.మీ. ఎత్తు, 6 సెం.మీ. దూరం చేశాం.

పరుపు: న్యూస్‌పేపరు మీద నూలు దుప్పటి, అంచులు పెట్టె కిందికి మడిచి బిగించాలి. తువ్వాళ్ళు వద్దు. పిల్లల గోళ్ళు దారాల్లో చిక్కుకుంటాయి, 1-2 గోరు ఒకటి అలాగే ఊడింది.

వంటింటి డిజిటల్ త్రాసు, 1 గ్రాము వరకు చూపేది, పైన ప్లాస్టిక్ గిన్నె. ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా పనికొచ్చిన వస్తువు ఇదే.

ఖర్చు: పెట్టె 2,900, త్రాసు 480. మొత్తం: రూ.6,820

దశ 4: మొదటి ఈత, 2023 మే 5

58వ రోజు నుంచి తల్లికి రోజుకు మూడుసార్లు జ్వరం చూశాం. మామూలుగా 100.4 దగ్గర ఉండేది. మే 4 రాత్రి 9 గంటలకు 98.2 ఫారెన్‌హీట్. ఇలా పడిపోతే 24 గంటల్లో కాన్పు. రోజుకొక్కసారే చూస్తే ఈ పతనం మన కంట పడకుండా దాటిపోతుంది.

పుట్టిన బరువులు (గ్రాములు): 148, 156, 139, 162, 121. ఐదూ బతికే పుట్టాయి. అన్నీ రెండు గంటల్లోపే ముర్రుపాలు తాగాయి.

మూడో రోజు 1-5 పోయింది, నాలుగో రోజు 1-3. బరువుల వరస:

1-5: 121, 117, 108.
1-3: 139, 136, 131.

తప్పు పిల్లల్లో లేదు, వేడిలో ఉంది. మొదటి వారం పెట్టె వేడి 29 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ ఉండాలని పుస్తకాలు చెబుతాయి. అందుకని 100 వాట్ల బల్బు వేలాడదీశాం. మే నెల విజయనగరంలో, స్లాబు కింద గది, రాత్రి 8 గంటలకు గదే 34! గోడమీద థర్మామీటరు అదే చూపిస్తోంది, కానీ అది నాలుగడుగుల ఎత్తున ఉంది. 1-5 పోయాక థర్మామీటరును పరుపు మీద పెట్టి చూస్తే 38.5. ఆ పుస్తకాలు చలిదేశాల గదుల కోసం రాసినవి. వాటిలో బల్బు ఎందుకుందో ఆలోచించకుండా బల్బునే తెచ్చుకున్నాం.

గుర్తులు కళ్ళముందే ఉన్నాయి. చలేస్తే పిల్లలు కుప్పగా పడుకుంటాయి. ఉడికితే విడివిడిగా, మూలకొకటి, నోరు తెరిచి, ఆగకుండా సన్నగా ఏడుస్తాయి. ఇవి విడివిడిగానే పడుకున్నాయి. "హాయిగా కాళ్ళు చాపాయి" అనుకున్నాం.

రెండో తప్పు: బల్బు తీసేసి ఎయిర్ కూలర్ పెట్టాం. అరగంటలో గాలిలో తేమ 72 నుంచి 88 శాతానికి పోయింది, దుప్పటి చెమ్మగిల్లింది. ఈ తీరంలో కూలర్ పెట్టెగదికి పనికిరాదు.

మూడో తప్పు: రోజుకొక్కసారే తూచడం. 24 గంటల తర్వాత తగ్గిందని తెలిసేసరికి ఆలస్యమైంది.

మార్పులు:

1. పెట్టెను స్లాబు గది నుంచి పెంకుల వసారా గదికి మార్చాం. సాయంత్రం 7 గంటలకు రెండు గదుల తేడా 2.5 డిగ్రీలు. పగలంతా కాగిన స్లాబు రాత్రి కిందికి వేడి వదులుతుంది, పెంకులు అంత పట్టుకోవు.
2. బల్బు పూర్తిగా తీసేశాం. సీలింగ్ ఫ్యాన్ ఒకటో నంబరు మీద, గాలి నేరుగా పెట్టెలోకి రాకుండా ఒక వైపు అట్ట.
3. వేడి, తేమ రెండూ చూపే చిన్న మీటర్లు రెండు, ఒకటి పరుపు మట్టంలో.
4. ఎస్‌టీసీ-1000 థర్మోస్టాట్, కోడిగుడ్ల ఇంక్యుబేటర్లకు వాడేదే. దానికి హీటింగ్ మ్యాట్. మ్యాట్ పెట్టెలో మూడో వంతు కిందే ఉండాలి. వేడెక్కితే పిల్ల పాక్కుంటూ చల్లటి వైపు పోవడానికి చోటుండాలి.
5. తూకం 12 గంటలకోసారి, పొద్దున 6, రాత్రి 6.

మిగిలిన మూడూ 10వ రోజుకు పుట్టిన బరువుకు రెట్టింపు అయ్యాయి.

ఖర్చు: థర్మోస్టాట్ 650, మ్యాట్ 1,100, మీటర్లు 500. మొత్తం: రూ.9,070
పిల్లలు: పుట్టినవి 5, బతికినవి 3

దశ 5: రెండో ఈత, 2023 డిసెంబరు 16

తల్లి కుంకుడు, 4.4 కిలోలు. బరువులు: 152, 146, 133, 160.

ఈసారి తప్పు అటువైపు. మ్యాట్ ఉంది, థర్మోస్టాట్ 30 దగ్గర పెట్టాం. కానీ దాని తీగ కొన దుప్పటి కింద, మ్యాట్‌కు ఆనుకుని ఉండిపోయింది. మ్యాట్ 30కి రాగానే కరెంటు ఆగిపోతోంది. పిల్లలున్న దుప్పటి పైన తెల్లవారుజామున 4 గంటలకు 23. పెట్టె కూడా నేరుగా సిమెంటు నేల మీదే ఉంది.

రెండో రోజు తెల్లవారి 2-3 చల్లగా, కదలకుండా ఉంది. ఒంటి వేడి 92.8 ఫారెన్‌హీట్. మొదటి వారంలో పిల్ల ఒంటి వేడి 95 నుంచి 98.6 మధ్య ఉండాలి. కంగారులో ట్యూబుతో పాలు పట్టాం. అది చేయకూడని పని. 95 కంటే చల్లబడ్డ పిల్లకు పేగులు కదలవు, పాలు అరగక కడుపులోనే ఉబ్బుతాయి, ఊపిరితిత్తుల్లోకి వస్తాయి. సాయంత్రానికి పోయింది.

చల్లబడ్డ పిల్లకు చేయాల్సిన వరస:

1. ముందు వేడి, తర్వాతే పాలు. చొక్కా లోపల ఒంటికి ఆనించి పెట్టుకోవడం చాలా మంచిది.
2. గంటకు రెండు డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే వేగంగా వేడి ఎక్కించకూడదు. వేడినీళ్ళ సీసా నేరుగా ఆనించకూడదు.
3. పదిహేను నిమిషాలకోసారి అటూ ఇటూ తిప్పాలి.
4. 95 దాటాక, పిల్ల నోట్లో వేలు పెడితే చీకుతుంటే తల్లి దగ్గర పెట్టాలి.
5. చీకకపోతేనే ట్యూబు.

ట్యూబు సంగతి: మందుల షాపుల్లో ఇన్ఫెంట్ ఫీడింగ్ ట్యూబు నంబరు 5 అని అడగాలి. ముక్కు కొన నుంచి చివరి పక్కటెముక దాకా కొలిచి, అందులో ముప్పావు వంతు దగ్గర టేపుతో గుర్తు పెట్టాలి. పిల్ల బోర్లా, తల మామూలుగా ఉండాలి, వెల్లకిలా వద్దు. గుర్తు దాకా దిగకుండా ఆగినా, దగ్గినా తీసేయాలి. 100 గ్రాముల ఒంటికి ఒకసారికి 4 మి.లీ. దాటకూడదు. మొదటిసారి డాక్టరు చేత చేయించుకుని చూడాలి, చదివి నేర్చుకునే పని కాదు.

పాలు: కుక్క పాలల్లో కొవ్వు సుమారు 9 శాతం, ప్రొటీన్ 7 నుంచి 8 శాతం. ఆవు పాలల్లో అవి సగం కూడా ఉండవు, పాల చక్కెర మాత్రం ఎక్కువ. అందుకే ఆవు పాలు పడితే విరేచనాలు, బరువు పెరగదు. కుక్కపిల్లల పాలపొడి ఒక డబ్బా ఇంట్లో ముందే ఉండాలి.

ఇక తల్లి సంగతి. చూలుతో ఉన్నన్నాళ్ళూ రోజూ కాల్షియం మాత్ర ఇవ్వడం ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. మంచిదనే ఇచ్చాం. 19వ రోజు, జనవరి 4:

ఉదయం 5:40, ఆగకుండా రొప్పడం. 6:10, కాళ్ళు కర్రల్లా బిగిసి నడక, ముఖం వణుకు. 6:25, జ్వరం 104.6. 6:50, డాక్టరు దగ్గర.

అది ఎక్లాంప్సియా, రక్తంలో కాల్షియం పడిపోవడం. చిన్న జాతుల్లో కాన్పయిన రెండు నుంచి నాలుగు వారాల మధ్య, పాలు బాగా ఇస్తున్నప్పుడు వస్తుంది. డాక్టరు గుండె వింటూ కాల్షియం గ్లూకోనేట్ నరంలోకి చుక్కచుక్కగా ఎక్కించారు. ఇది ఇంట్లో చేసేది కాదు, వేగంగా ఎక్కితే గుండె ఆగిపోతుంది. వణుకు తగ్గడానికి పావుగంట పట్టింది. 24 గంటలు పిల్లలను విడిగా పెట్టి పాలపొడితో పెంచాం.

కారణం ఆ మాత్రలే. బయటి నుంచి రోజూ కాల్షియం వస్తుంటే, ఎముకల నుంచి దాన్ని తీసే గ్రంథి పని మానేస్తుంది. పాలు దిగాక ఒక్కసారిగా అవసరం పెరిగితే అది వెంటనే లేవలేదు. చూలులో మాత్రలు ఆపేశాం. దాని బదులు 42వ రోజు నుంచి కుక్కపిల్లల మేత, కాన్పయ్యాక అదే మేత మూడు పూటల నుంచి ఐదు పూటలకు. అమ్మ ఈ మార్పుకు ఒప్పుకోవడానికి డాక్టరు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఇప్పుడు అడిగినవాళ్ళందరికీ ఆమే చెబుతోంది.

పెట్టెకు మార్పులు: నాలుగు మూలలా ఇటుకలు పెట్టి నేల నుంచి 10 సెం.మీ. ఎత్తు. థర్మోస్టాట్ తీగ కొన దుప్పటి పైన, పిల్ల వీపు ఎత్తులో, తల్లి కొరకకుండా చిల్లులు పొడిచిన పైపు ముక్కలో.

ఖర్చు: పరీక్షలు మూడు 2,400, అత్యవసర వైద్యం 1,800, పాలపొడి, ట్యూబులు 900. మొత్తం: రూ.14,170
పిల్లలు: పుట్టినవి 9, బతికినవి 6

దశ 6: మూడో ఈత, 2024 నవంబరు 8

మిరియం. 2023 ఆగస్టు ఎద వదిలేశాం, 2024 ఫిబ్రవరి ఎద కూడా, ఎందుకంటే కాన్పు మళ్ళీ మే నెలలో పడుతుంది. సెప్టెంబరు 6న అండం విడుదల. 63 కలిపితే నవంబరు 8.

ఈ ఊళ్ళో ఆ రెండు నెలలూ పండగలే. అక్టోబరు 15 సిరిమానోత్సవం, 31 దీపావళి. దీపావళి నాటికి 55వ రోజు. ఆ రాత్రి తల్లిని కిటికీలు లేని మధ్యగదిలో పెట్టి, ఫ్యాన్ పెద్ద నంబరు మీద నడిపి, పక్కన ఒక మనిషి. ఎక్స్-రే పండగ రోజు కాకుండా 57వ రోజుకు జరిపాం. వెన్నెముకలు లెక్కపెడితే ఐదు. ఈ అంకె తెలియడం అవసరం, లేకపోతే లోపల ఇంకోటి మిగిలిందా లేదా అని రాత్రంతా ఊహించుకోవాలి.

కరెంటు పోతే? 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటిన తర్వాత శ్రీకాకుళం జిల్లాలో చాలా ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అక్టోబరు, నవంబరు కాన్పుకు ఇన్వర్టర్ ఒక్కటే చాలదు. రెండు ఫ్లాస్కుల వేడినీళ్ళు, నాలుగు లీటరు సీసాలు, పాత సాక్సులు (సీసాలకు తొడగడానికి) పక్కన పెట్టుకున్నాం. వాడే అవసరం రాలేదు.

గోడ కాగితం మీద పెద్ద అక్షరాలతో, డాక్టరుకు వెంటనే ఫోన్ చేయాల్సినవి:

1. అరగంట గట్టిగా ముక్కినా పిల్ల రాకపోతే.
2. మొదటి పిల్ల రాకముందే పచ్చటి ద్రవం కనపడితే.
3. లోపల పిల్ల ఉందని తెలిసీ రెండు గంటలు నొప్పులు లేకపోతే.

ఇవేవీ జరగలేదు. రాత్రి 11:20కి మొదటిది, 2:45కి ఐదోది. మాయలు లెక్కపెట్టి గీతలు పెట్టాం, ఐదు. పిల్లలను గుర్తుపట్టడానికి మెడకు ఊలు దారం కట్టే పాత పద్ధతి మానేశాం, బిగుసుకుంటుంది. దాని బదులు వెనక కాలి గోటికి గోళ్ళ రంగు, ఒక్కో పిల్లకు ఒక్కో రంగు.

బరువులు: 144, 151, 138, 129, 157.

3-4 మీద కన్నుంచాం. పుట్టినప్పుడు 129. 12 గంటలకు 127. 24 గంటలకు 124, అంటే 3.9 శాతం తగ్గింది. 1-5 కూడా మొదటి రోజు దాదాపు ఇంతే తగ్గింది. అప్పుడు చూస్తూ ఊరుకున్నాం. ఈసారి:

ఒంటి వేడి చూశాం, 96.4, బాగుంది. పెద్ద పిల్లలు రెంటిని ఇరవై నిమిషాలు పక్కకు తీసి, 3-4ను వెనక చన్నుల దగ్గర పెట్టాం, పాలు ఎక్కువ ఉండేది అక్కడే. రోజుకు ఆరుసార్లు అలా. అదనంగా నాలుగుసార్లు 2 మి.లీ. పాలపొడి పాలు. 36 గంటలకు 126. 48 గంటలకు 131. మూడో రోజు నుంచి పాలపొడి ఆపేశాం.

10వ రోజు బరువులు: 290, 306, 281, 262, 322. ఐదూ రెట్టింపు.

నట్టల మందు 2, 4, 6, 8 వారాలకు, ప్రతిసారీ ఆ రోజు బరువుకే లెక్క. "పావు చెంచా" అనే కొలత ఇలాంటి పిల్లలకు ప్రమాదం. కంపెనీని బట్టి సిరప్ గాఢత మారుతుంది.

గోమార్లు (పిడుదులు): ఈ ప్రాంతంలో ఎర్లికియా జ్వరం తెచ్చేది ఇవే. కుక్క మీదున్నవి కొన్నే, మిగతావి గోడ పగుళ్ళలో. కాన్పుకు నెల ముందు వసారా గది పగుళ్ళన్నీ వైట్ సిమెంటుతో పూడ్చాం. ఎనిమిది వారాల్లోపు పిల్లలకు పట్టుకారు, దువ్వెన తప్ప ఏ మందూ వాడలేదు.

ఖర్చు: పరీక్షలు మూడు 2,400, స్కానింగ్, ఎక్స్-రే 1,600. మొత్తం: రూ.18,170
పిల్లలు: పుట్టినవి 14, బతికినవి 11

దశ 7: కాగితాలు, బల్ల, రింగు

కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్‌కు మైక్రోచిప్ తప్పనిసరి. 15 అంకెల సంఖ్య. చిప్ వేయకముందు రీడర్‌తో ఒకసారి, వేశాక ఒకసారి చదివించి, స్టిక్కర్ అంకెతో సరిచూడాలి. మొదటి ఈత కాగితాలు ఆగిపోయాయి: మగకుక్క యజమాని దాన్ని కొన్నాక కేసీఐలో పేరు మార్పించుకోలేదు. క్రాసింగ్‌కు ముందే అవతలివాళ్ళ సర్టిఫికెట్‌లో పేరు చూడాలి.

తోకలు, చెవులు కత్తిరించలేదు. పాత ఫొటోల్లో మిన్‌పిన్ అంటే మొండితోకే. 1960 జంతు హింస నివారణ చట్టం కిందికి వచ్చే పని అది, పైగా ఎఫ్‌సీఐ ప్రమాణం వర్ణించేదే సహజమైన తోక.

డాగ్ షోలో, అంటే రింగులో, చిన్న కుక్కలను బల్ల మీదే పరీక్షిస్తారు. 2024 జనవరి, విశాఖపట్నం, 1-4, ఎనిమిది నెలలు. మేము దెబ్బతిన్న చోట్లు:

బల్ల మీద వణికి కూర్చుండిపోయింది. ఇంట్లో సాధన చేసింది నాపరాయి గట్టు మీద. అక్కడ గరుకు రబ్బరు మ్యాట్, కింద కదిలే మడతబల్ల.

నడకలో ముందుకాళ్ళు గుర్రంలా ఎత్తెత్తి వేసింది. అది మేము నేర్పిన తప్పు. అమెరికా వీడియోల్లో అదే అందం, అక్కడి ప్రమాణం ఆ నడకను కోరుతుంది. ఎఫ్‌సీఐ ప్రమాణంలో అది దోషం, ఇక్కడ తీర్పు ఎఫ్‌సీఐ ప్రకారమే. పట్టీ మెడ పైకి బిగించి లాగడం వల్ల ఇంకా ఎక్కువైంది.

బరువు 6.3 కిలోలు.

పై పాలకోర ఒకటి ఊడలేదు, పక్కనే అసలు కోర వచ్చేసింది. చిన్న జాతుల్లో ఇది మామూలే. ఆరు నెలలకే చూసి తీయించాలి.

తర్వాత పది నెలలు:

1. మడతబల్ల కొని రబ్బరు మ్యాట్ అంటించాం. రోజుకు రెండుసార్లు, మూడు నిమిషాలు. పళ్ళు చూడటం, కాళ్ళు ఎత్తడం, ఇంటికి వచ్చిన ప్రతి కొత్త మనిషి చేతా చేయించాం.
2. పట్టీ వదులుగా, భుజం పక్కన. ఉదయం 6 లోపు పోలో మైదానం లాంటి చదునైన మట్టి నేల మీద తిన్నగా ఇరవై ఐదు అడుగులు, మలుపు, వెనక్కి. వీడియో తీసి నెమ్మదిగా చూసి దిద్దుకోవాలి.
3. మేత రోజుకు 110 గ్రాముల నుంచి 80కి. నాలుగు నెలల్లో 5.4 కిలోలు.
4. గోళ్ళు పది రోజులకోసారి. పొడుగు గోళ్ళు కాలివేళ్ళను విడదీసి పాదాన్ని చదును చేస్తాయి.

2024 డిసెంబరులో మళ్ళీ వెళ్ళాం. బల్ల మీద కదలలేదు. తరగతిలో రెండో స్థానం. మొదటిదానికి వెనక కాళ్ళ వంపు మా దానికంటే మెరుగు, అది తండ్రి నుంచి రావాల్సింది. తర్వాతి జతకు చూడాల్సింది అదే.

ఖర్చు: చిప్‌లు పదకొండు 3,850, బల్ల, మ్యాట్, పట్టీ 1,700. మొత్తం: రూ.23,720

3-4 కొలతలు

2025 మే 8, ఆరు నెలలు: ఎత్తు 25.5 సెం.మీ., బరువు 3.4 కిలోలు. పాలకోరలు రెండూ ఊడాయి. పళ్ళు సరిగ్గా మూసుకుంటున్నాయి.

2025 నవంబరు 8, పన్నెండు నెలలు: 27 సెం.మీ., 4.6 కిలోలు. మోకాలి చిప్పలు రెండూ గ్రేడ్ 0. నడకలో ముందుకాళ్ళు నేలకు దగ్గరగానే. కుడి ముందు పాదం కొంచెం బయటికి తిరుగుతోంది, భుజం కండ కోసం ఇసుకలో నడిపించడం మొదలుపెట్టాం, నెల తర్వాత మళ్ళీ వీడియో.

18 నెలలు నిండేది 2026 మే 8. ఆ తర్వాత వచ్చే ఎదకు కూడా కాన్పు వేసవిలో పడకపోతేనే పరీక్షలు మొదలు.